లెక్కకు నాలుగు, తూకమునకు తరుగు

అన్నవరమున రత్నగిరిపై సత్యనారాయణస్వామిని దర్శించుకొని వచ్చు యాత్రికులలో చాలమంది, కొండపైనున్న నీడగడియారము చెంత ఒక నిమిషమైనను నిలుతురు. దానికి చక్రములు లేవు, తాళమిచ్చువారు లేరు. పలకపై గీతలున్నవి, ఆ గీతలమీద నీడ పడును, నీడ ఎచ్చట నున్నదో చూచి వేళ చెప్పవచ్చును. మన ఇండ్లలోని గడియారము తాళము తీరగానే ఆగిపోవును గాని, ఈ గడియారమునకు మాత్రము ప్రతి ఉదయమున సూర్యుడే వచ్చి తాళమిచ్చుచున్నాడు. మఱి సూర్యునికి తాళమిచ్చున దేది? ఇన్ని యుగములుగా ఆ వెలుగు ఎందువలన తరుగకున్నది?

ఈ ప్రశ్నకు నేటి శాస్త్రము చెప్పు సమాధానము ఒక్క పంక్తిలో ఇమిడిపోవును. నాలుగు ఉదజని కేంద్రకములు కలిసి ఒక హీలియము కేంద్రకమగుచున్నది. ఆ కలయికలో పుట్టిన శక్తియే మనము చూచు ఎండ. హైస్కూలు పిల్లలు సయితము ఈ సమీకరణమును వ్రాయుదురు. ఉదజని ద్రవ్యరాశిసంఖ్య ఒకటి. హీలియము ద్రవ్యరాశిసంఖ్య నాలుగు. ఎడమప్రక్క నాలుగు ఒకట్లు, కుడిప్రక్క ఒక నాలుగు. రెండు ప్రక్కలును సరిపోయినవి. ఉపాధ్యాయుడు సరియని గుర్తు పెట్టి పంపును.

కాని తెలివిగల పిల్లవాడు ఒకడు లేచి ఇట్లు అడుగవచ్చును: "ఇటు నాలుగు, అటు నాలుగు అయినప్పుడు ఏమియు ఖర్చు కాలేదు గదా! ఏమియు ఖర్చు కాకుండ ఇంత శక్తి ఎక్కడనుండి వచ్చినది?" ఈ ప్రశ్న తప్పు ప్రశ్న కాదు. పందొమ్మిదవ శతాబ్దపు మహాపండితులు కొందఱు తమ జీవితకాలములో దీనిని దాటలేకపోయిరి. దీనికి సమాధానము దొరకుటకు నూఱేండ్లకు పైబడి పట్టినది. ఆ కథలో ఒక ఘట్టము మన తెలుగుదేశముననే జరిగినది.

సూర్యుడు బొగ్గు వంటి ఇంధనముతో మండుచున్నచో కొద్ది వేల సంవత్సరములకు మించి మండజాలడు. అందుచేత ఆనాటి శాస్త్రజ్ఞులు వేఱొక ఉపాయమును ఊహించిరి. సూర్యగోళము తన బరువుచేత తానే మెల్లమెల్లగా లోనికి కుంచించుకొనుచు, ఆ ఒత్తిడివలన వేడెక్కుచున్నదని జర్మనీలో హెల్మ్‌హోల్ట్‌జ్, బ్రిటనులో కెల్విను ప్రభువుగా పేరొందిన విలియం థామ్సను చెప్పిరి. ఆ లెక్క ప్రకారము సూర్యుడు పది కోట్ల సంవత్సరములకు మించి భూమికి వెలుగిచ్చి యుండడని 1862లో థామ్సను వ్రాసెను. కొండలు అరిగిన తీరును, రాళ్లలో జీవుల ఆనవాళ్లను చూచిన భూగర్భశాస్త్రజ్ఞులకు ఆ వయస్సు చాలలేదు. 1859లో జీవపరిణామ గ్రంథమును వెలువరించిన డార్వినునకును చాలలేదు. ఒక శాస్త్రము చెప్పిన కాలము మఱియొక శాస్త్రమునకు సరిపడకుండుటచేత ఈ వివాదము అర్ధశతాబ్దము సాగెను.

ఆ వివాదము సాగుచుండగనే 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము వచ్చినది. గ్రహణపు నీడ దక్కను మీదుగా వచ్చి కృష్ణాతీరమును దాటి సముద్రముపైకి పోయెను. ఫ్రాన్సునుండి పియేర్ జాన్సెను గుంటూరునకు వచ్చి తన దుర్భిణిని నిలిపెను. బ్రిటిషు పక్షమున టెనెంటు అను సైనికాధికారియు గుంటూరుననే విడిసెను. మద్రాసు నక్షత్రశాలాధిపతి నార్మన్ పోగ్‌సను బందరులో నుండెను. ఆ నక్షత్రశాలలో పనిచేయుచున్న చింతామణి రఘునాథాచారి ఒక బృందముతో నైజాము రాజ్యములోని వనపర్తికి వెళ్లెను. గుంటూరులో సూర్యబింబము పూర్తిగా కప్పబడియున్నది అయిదు నిమిషములకు పైగా మాత్రమే. ఆ కొద్ది వ్యవధిలో, సూర్యుని అంచున ఎగసిపడు జ్వాలల కాంతిని గాజుపట్టకముగుండ విడదీసి చూడగా, వెలుగుగీతలు స్పష్టముగా కానవచ్చినవి. అనగా ఆ జ్వాలలు మండుచున్న వాయువులని తేలెను. అంత ప్రకాశించు గీతలను గ్రహణము లేకున్నను చూడవచ్చునని జాన్సెనునకు తట్టెను. మఱునాడే గుంటూరులో అట్లు చూచెను.

గుంటూరులో హీలియమును కనుగొనిరని మనవారు గర్వముగా చెప్పుకొందురు. చరిత్రను సరిగా చెప్పవలెనన్నచో కొంచెము విడమఱచి చెప్పవలయును. జ్వాలలలో పసుపుపచ్చని గీత యొకటి కలదు. అది ఉప్పులోనుండు సోడియము గీతల సమీపమున నుండుటచేత దాని గీతయే యని భ్రమ కలుగుట సహజము. బందరులో పోగ్‌సను కూడ పసుపుపచ్చ గీతను చూచి నివేదికలో వ్రాసెను. అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లండున నార్మన్ లాకియరు, గ్రహణము లేని సూర్యునిపైననే ఆ గీతను చూచి, అది సోడియము గీతల చోటున లేదని నిర్ణయించెను. భూమిపై తెలిసిన ఏ మూలద్రవ్యమునకును ఆ గీత సరిపడలేదు. సూర్యునికి గ్రీకుభాషలో హీలియోస్ అని పేరు గనుక ఆ క్రొత్త ద్రవ్యమునకు హీలియము అను పేరు వచ్చినది. జాన్సెను లేఖయు లాకియరు లేఖయు ప్యారిస్ విజ్ఞాన పరిషత్తునకు ఒకే దినమున చేరినవి. తరువాత ఆ ఇరువుర ముఖములతో ఒక పతకమును ముద్రించిరి. భూమిపైన హీలియము 1895లో గాని దొరకలేదు. లండనులో విలియం రామ్సే యురేనియము గల ఒక ఖనిజమునుండి వెలువడిన వాయువులో అదే పసుపుపచ్చ గీతను చూచెను. ఇట్లు సూర్యుని పొయ్యిలో మిగిలిన బూడిదను మనుష్యుడు మొదట సూర్యునియందే చూచి, ఇరువదియేడేండ్ల తరువాత భూమిపై ముట్టుకొనెను. కాని అది బూడిద యని అప్పుడెవరికిని తెలియదు.

అది తెలియుటకు పరమాణువులను తూచుట నేర్వవలసి వచ్చెను. 1815లో ఇంగ్లండు వైద్యుడు విలియం ప్రౌటు ఒక చక్కని ఊహ చేసెను. అన్ని పరమాణువుల బరువులును ఉదజని బరువునకు పూర్ణాంకముల రెట్లుగా నున్నవనియు, కనుక ఉదజనియే అన్నిటికి మూలమనియు ఆ ఊహ సారాంశము. కాని క్లోరిను వచ్చి దానిని చెడగొట్టెను. క్లోరిను బరువు 35½ గా తేలినది. సగము ఉదజని యుండుట ఎట్లు? కనుక ప్రౌటు మాటను చాలమంది ప్రక్కన పెట్టిరి. 1913లో ఫ్రెడరిక్ సాడీ ఒకే మూలద్రవ్యమునకు వేఱువేఱు బరువులు గల పరమాణువు లుండవచ్చునని చెప్పి, వానికి ఐసోటోపులని పేరు పెట్టెను. 1919లో కేంబ్రిడ్జిలో ఫ్రాన్సిస్ ఆస్టను ఒక యంత్రమును నిర్మించి, పరమాణువులను వాని బరువులనుబట్టి వేఱుచేసి ఛాయాచిత్రపు పలకపై వరుసగా పఱచి చూపెను. క్లోరినులో 35 బరువు గలవి ముప్పాతిక, 37 బరువు గలవి పాతిక. సగటుకు 35½. సగము ఉదజని అను విడ్డూరము అంతటితో తొలగిపోయెను. ప్రతి పరమాణువు బరువును ఇంచుమించుగా ఒక పూర్ణాంకమే యని తేలినది. ఆ పూర్ణాంకమునే నేడు ద్రవ్యరాశిసంఖ్య అందుము.

"ఇంచుమించుగా" అను మాటను శ్రోతలు మఱువరాదు. ఆస్టను తూచిన వానిలో ఉదజని మాత్రము ఆ నియమమునకు పూర్తిగా లొంగలేదు. ఆమ్లజనిని 16గా తీసికొన్నచో హీలియము 4కు సరిగా వచ్చెను గాని, ఉదజని 1కి బదులు 1.008 వచ్చెను. వెయ్యింటికి ఎనిమిది పాళ్లు ఎక్కువ. దీనిని కొలతలోని లోపమని త్రోసివేయుటకు వీలులేదు. ఆస్టను యంత్రము అంతకన్న సూక్ష్మముగా తూచగలదు.

ఇచ్చట మన కోనసీమ కొబ్బరితోటలను ఒక్కసారి తలచుకొందము. కొబ్బరికాయలను వెయ్యికి ఇంత యని లెక్కమీద అమ్ముదురు. బెల్లమును తూకముమీద అమ్ముదురు. కాయల లెక్క వ్రాసినవానికి ఏ కాయ ఎంత బరువో అక్కఱలేదు. నాలుగు కాయలనగా నాలుగే; మూడుముప్పాతిక కాయలు ఉండవు. అట్లే ద్రవ్యరాశిసంఖ్య కూడ లెక్కయే గాని తూకము కాదు. కేంద్రకములో ప్రోటానులు, న్యూట్రానులు అను కణములు కలవు. ఈ రెండు రకములను కలిపి ఎన్ని యున్నవో చెప్పునదే ద్రవ్యరాశిసంఖ్య. పేరులో ద్రవ్యరాశి అను మాట యుండుటచేత విద్యార్థులు దానిని బరువని భ్రమింతురు. సమీకరణమునకు రెండు ప్రక్కల సరిపోవునది లెక్క. తూకము సరిపోవలెనన్న నియమము లేదు. అందులో వచ్చు తేడాకు మన వర్తకులు వాడు మాటయే సరియైనది: తరుగు.

నేటి కొలతలనుబట్టి ఆ తరుగును మనమే వేసి చూతము. 1961నుండి కర్బనము 12ను ప్రమాణముగా తీసికొనుచున్నారు. ఆ ప్రమాణమున ఉదజని పరమాణువు 1.00783. నాలుగింటి మొత్తము 4.0313. హీలియము పరమాణువు 4.0026. తరుగు 0.0287. అనగా నూటికి 0.7 పాలు. కొబ్బరికాయలను ఒకచోట కుప్పపోసినందున వాని తూకము తరుగదు, ఉపమానము ఇంతవరకే. కేంద్రకములలోని కణములు మాత్రము ఒకదానినొకటి అతి గట్టిగా పట్టుకొనును. ఆ పట్టు బిగియునప్పుడు శక్తి వెలికి వచ్చును. వానిని మరల విడదీయవలెనన్నచో అంత శక్తిని మనము తిరిగి చెల్లింపవలెను. శక్తికిని ద్రవ్యరాశికిని సమత్వము కలదని 1905లో ఐన్‌స్టీను చూపెను గనుక, వెలికిపోయిన శక్తి మేరకు తూకము తగ్గితీరును. పిల్లవాని ప్రశ్నకు ఇదియే సమాధానము. కణము లేవియు ఖర్చు కాలేదు. వాని తూకములో నూటికి ముప్పాతిక పాలుకంటె తక్కువ మాత్రమే శక్తిగా పోయినది.

ఆస్టను తూకములు ప్రకటితములైన వెంటనే వాని అర్థమును గ్రహించినవాడు ఆర్థర్ ఎడింగ్టను. 1920 ఆగస్టులో కార్డిఫ్ నగరమున జరిగిన బ్రిటిషు విజ్ఞానసభలో ఆయన, సూర్యుని సొంత బరువుచేత కలుగు కుదింపు సిద్ధాంతమునకు కాలము చెల్లినదనియు, ఉదజని హీలియముగా మారునప్పుడు వచ్చు తరుగే నక్షత్రములకు చాలినంత శక్తి నిచ్చుననియు ఉపన్యసించెను. ఆ శక్తి మనుష్యుని చేతికి చిక్కిననాడు అది మానవజాతి క్షేమమునకు వినియోగపడునో, ఆత్మహత్యకు వినియోగపడునో యని ఆనాడే సంశయమును వెలిబుచ్చెను. ఆ సంవత్సరమే మన మేఘనాథ సాహా, నక్షత్రముల వేడిలో పరమాణువులు విద్యుత్కణములను కోల్పోవు తీరునకు సూత్రమును ప్రకటించెను. ఆ సూత్రమును వినియోగించి 1925లో సిసీలియా పేయిన్ అను విదుషీమణి, నక్షత్రములలో నధిక భాగము ఉదజనియే యని తేల్చెను. వంట సరకు చాలినంత కలదని అట్లు తెలిసినది.

అప్పటికిని ఒక చిక్కు మిగిలియుండెను. హీలియము కేంద్రకములో నాలుగు కణములున్నను విద్యుదావేశము రెండే. మిగిలిన రెండు కణములేమి? 1932లో జేమ్స్ చాడ్విక్ ఆవేశము లేని న్యూట్రానును కనుగొనుటతో ఈ చిక్కు విడిపోయెను. హీలియములో రెండు ప్రోటానులు, రెండు న్యూట్రానులు. లెక్క నాలుగు, ఆవేశము రెండు. కాని ఉదజని కేంద్రకమనగా కేవలము ఒక ప్రోటాను గదా. నాలుగు ప్రోటానులలో రెండు న్యూట్రానులుగా మారినగాని హీలియము రాదు. ఆ మార్పు ఎట్లు జరుగును? దాని జాతికి చెందిన మార్పే బీటా కిరణములనిచ్చు ద్రవ్యములలో జరుగుచున్నది. అందులో ఆవేశము ఒకటి మారును, ద్రవ్యరాశిసంఖ్య మారదు.

ఈ బీటా కిరణములను శ్రద్ధగా పరిశోధించినవారిలో గోదావరిసీమ బిడ్డ యొకరు గలరు. భీమవరము దగ్గఱ గొరగనమూడిలో 1896లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు, సన్న్యసించి స్వామి జ్ఞానానందగా హిమాలయములలో తపస్సు చేసి, పిదప ఐరోపాకు పోయి భౌతికశాస్త్రమును అభ్యసించెను. ప్రాగ్ నగరమున ఎక్స్‌కిరణములపై పరిశోధించి, లివర్‌పూలులో చాడ్విక్ చెంత బీటా కిరణములపై కృషి చేసెను. స్వదేశమునకు తిరిగివచ్చిన తరువాత 1950ల దశకమున వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున అణుకేంద్రక భౌతికశాఖకు పునాది వేసెను. 1969లో పరమపదించిన ఆయన పేరు అచ్చటి పరిశోధనశాలకు నిలిచియున్నది. కాషాయము ధరించిన సన్న్యాసి యొకరు తెలుగు విద్యార్థులకు కేంద్రకముల లెక్కలను నేర్పుట మన విద్యాచరిత్రలో స్మరింపదగిన విషయము.

సూర్యునిలో జరుగు వంట ఒక్క గరిటెతో తీరునది కాదు. 1938, 1939 సంవత్సరములలో హాన్స్ బేతే మొదలగువారు దాని అంచెలను వివరించిరి. మొదట రెండు ఉదజని కేంద్రకములు కలిసి భారోదజని యగును. ఒక పాజిట్రాను, ఒక న్యూట్రినో వెలువడును. ఇచ్చట ఒకటియు ఒకటియు రెండు. పాజిట్రానునకు సున్న, న్యూట్రినోకు సున్న. సున్న యన్నంతమాత్రాన పాజిట్రానునకు బరువు లేదనుకొనరాదు. అది లెక్కలోనికి వచ్చు జాతి కణము కాదని మాత్రమే దాని అర్థము. కొబ్బరికాయల లెక్కలో వానిని మోయు గంప చేరదు. అయినను గంపకు బరువు కలదు. తరువాత రెండును ఒకటియు కలిసి మూడుగల హీలియమగును. చివరకు మూడు మూడు చేరి, నాలుగుగల హీలియము ఒకటి ఏర్పడి రెండు ఉదజనులు తిరిగి వచ్చును. ఆఱుకు ఆఱు సరి. ఏ అంచెలో చూచినను లెక్క తప్పదు. ప్రతి అంచెలోను తూకము కొంచెము తరుగును. సూర్యునినుండి వచ్చు న్యూట్రినోలను 1960ల దశకమునుండి అమెరికాలో రేమండ్ డేవిస్ భూగర్భమున పట్టి చూపుటచే ఈ వంట ఊహ కాదని ఋజువైనది.

ఇప్పుడు సూర్యుని జమాఖర్చును చూడుడు. ప్రతి సెకనునకు ఇంచుమించు 60 కోట్ల టన్నుల ఉదజని హీలియముగా మారుచున్నది. అందులో 42 లక్షల టన్నులకు పైగా తరుగు. ఆ తరుగే ఎండ, వెన్నెల, వాన, వరిచేను. ఇంత ఖర్చయినను సూర్యుడు సుమారు 460 కోట్ల సంవత్సరములు గడిపి ఇంకను అంతకాలము గడుపగల నిలువతో నున్నాడు. డార్వినునకును భూగర్భశాస్త్రజ్ఞులకును కావలసిన కాలము దొరకినది. కెల్విను గణితములో తప్పు లేదు. ఆయన ఖాతాలో ఈ పద్దు లేదు, అంతే.

ఈ రహస్యము మనుష్యుని చేతికి మొదట సంహారరూపముననే చిక్కెను. 1934లో కేంబ్రిడ్జిలో ఆలిఫెంటు, హార్టెక్కు, రూథర్‌ఫర్డు భారోదజనిని భారోదజనితో తాడించి, రెండును రెండును కలిసి మూడును ఒకటియు నగుట చూచిరి. పదునెనిమిదేండ్లకు, 1952 నవంబరు 1న, పసిఫిక్ సముద్రమున అమెరికా ఉదజని బాంబును ప్రేల్చగా ఒక దీవి మాయమైనది. మూడేండ్ల పిమ్మట 1955లో జెనీవాలో అణుశక్తి శాంతి వినియోగ మహాసభకు అధ్యక్షత వహించిన మన హోమీ భాభా, రెండు దశాబ్దములలో ఈ శక్తిని అదుపులో పెట్టు మార్గము దొరకునని ఆశించెను. ఆ గడువు ఎన్నడో దాటిపోయినది. గాంధీనగరమునకు చెంతనున్న ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో ఆదిత్య అను యంత్రము పనిచేయనారంభించెను. ఫ్రాన్సులో నిర్మింపబడుచున్న అంతర్జాతీయ సంలీన యంత్రములో 2005నుండి భారతదేశమును భాగస్వామి. 2022 డిసెంబరు 5న కాలిఫోర్నియాలో లేజరు కిరణములతో 2.05 మెగాజౌళ్ల శక్తిని ఇంధనపు గుళికపై ప్రసరింపజేయగా 3.15 మెగాజౌళ్లు వెలువడెను. కాని ఆ లేజరులను నడపుటకు దాదాపు 300 మెగాజౌళ్లు ఖర్చయినవి. ఇల్లాలికి దీపమిచ్చు రోజు ఇంకను రాలేదు.

ఈ ప్రయత్నములన్నిటిలో ఎక్కువగా వాడు సమీకరణము చిన్నది: రెండుగల ఉదజని, మూడుగల ఉదజని కలిసి నాలుగుగల హీలియమును, ఒక న్యూట్రానును అగును. రెండును మూడును అయిదు. నాలుగును ఒకటియు అయిదు. తూకము చూచినచో 5.0302 కు బదులు 5.0113 మాత్రమే యుండును. ఆశించుచున్నదంతయు ఆ చిన్న తేడాలోనే కలదు. ఒక్క గ్రాము ఉదజని సూర్యునిలో వలె హీలియముగా మారినచో ఇంచుమించు 1,75,000 యూనిట్ల విద్యుత్తునకు సరిపడు శక్తి వచ్చుననిన, ఆ తేడా ఎంత చిన్నదో, ఎంత పెద్దదో గ్రహింపవచ్చును.

కనుక మీ ఇంటి పిల్లలు ఇట్టి సమీకరణమును వ్రాయునప్పుడు మొదట లెక్క సరిచూడుమనుడు; అది తప్పకూడదు. పిదప తూకము వేయుమనుడు, అది సరిపోకూడదు. రెండును సరిపోయినచో ఎండ లేదు. రత్నగిరిపై నీడగడియారము పలకమీద పడు గీటంత నీడకు సయితము కారణము, నాలుగు నాలుగైనను తూకమున తక్కువైన ఆ తరుగే.